పీఎస్ఏ పెరిగింది, ముక్క తీయించాలా?

ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్ళల్లో పొద్దున్నే ల్యాబు కుర్రాడు మోటారు సైకిలు మీద ఇంటికే వచ్చి, పరగడుపున రక్తం తీసుకెళ్ళడం ఇప్పుడు మామూలైపోయింది. షుగరు, కొలెస్ట్రాలు, థైరాయిడ్, క్రియాటినిన్ అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ. యాభై దాటిన మగవాళ్ళ ప్యాకేజీలో చివరి పేజీల్లో ఎక్కడో ‘టోటల్ పీఎస్ఏ’ అని ఒక వరస ఉంటుంది. దాన్ని కావాలని అడిగి చేయించుకునేవాళ్ళు తక్కువ, మిగతా పరీక్షలతో పాటు అదీ వచ్చేస్తుంది. సాయంత్రానికి రిపోర్టు ఫోన్లోకి దిగుతుంది. 5.8 అని లావు అక్షరాల్లో, పక్కన 0–4 అని సన్న అక్షరాల్లో. పాత రిపోర్టులు తీసి చూస్తే నిరుడు 4.1, అంతకు ముందేడు 3.2. ఏటా మెట్టు మెట్టుగా ఎక్కుతున్న ఆ అంకెలు చూశాక ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. అక్కణ్ణుంచి ఇళ్ళు రెండు దారులు పడతాయి. కొందరు మర్నాడే విజయవాడ కారు మాట్లాడుకుని ముక్క పరీక్షకి, అంటే బయాప్సీకి, బయల్దేరతారు. కొందరు ‘వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలే’ అనుకుని రిపోర్టు బీరువాలో పెట్టేస్తారు. రెండూ తప్పుదారులేనని నా అభిప్రాయం. అంకె పెరిగాక తొందరపడాల్సింది మళ్ళీ చూపించుకోడానికి. ముక్క తీయించుకోడానికి అంత తొందర చాలామందికి అక్కర్లేదు. ఆ రెంటికీ మధ్య కొన్ని మెట్లున్నాయి, ప్రతి మెట్టు దగ్గరా ఆగిపోవడానికో పైకి ఎక్కడానికో ఒక కారణం దొరుకుతుంది. మొదటి మెట్లన్నీ ఇంటికి దగ్గర్లోనే, తక్కువ ఖర్చులోనే ఎక్కొచ్చు.

పీఎస్ఏ క్యాన్సర్ తయారుచేసే పదార్థమన్న భ్రమ చాలామందిలో ఉంది. అది ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే మాంసకృత్తి. వీర్యం పల్చబడడానికి పనికొస్తుంది. మంచి గ్రంథీ దాన్ని చేస్తుంది, వాచిన గ్రంథీ చేస్తుంది, క్యాన్సర్ పట్టిన గ్రంథీ చేస్తుంది. గ్రంథిలో ఉండాల్సినది రక్తంలోకి ఎంత కారిందన్నదే ఈ పరీక్ష కొలుస్తుంది. వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం బిగిసిపోతే పైపు వేసినా అంకె పెరుగుతుంది. పరీక్షకి ముందు రెండు రోజుల్లో వీర్యస్ఖలనమైనా కొద్దిగా పెరగొచ్చు. అమెరికాలో 1986లో దీన్ని మొదట అనుమతించింది అప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్ళు ఎలా ఉన్నారో గమనించడానికి. కొత్తగా క్యాన్సర్ కనిపెట్టడానికి అనుమతి 1994లో వచ్చింది. ఇక 4 అన్న హద్దు గోడలాంటిదేమీ కాదు. పీఎస్ఏ ఎన్నడూ 4 దాటని సుమారు మూడు వేల మంది పెద్ద వయసువాళ్ళకి ముక్క తీసి చూసిన అమెరికా అధ్యయనం 2004లో వచ్చింది. వాళ్ళలోనే 15 శాతం మందికి క్యాన్సర్ కనిపించింది, అయితే అందులో ఎక్కువ భాగం నెమ్మదిగా పెరిగే రకం. అటువైపు, 4కీ 10కీ మధ్య ఉన్నవాళ్ళకి ముక్క తీస్తే పాశ్చాత్య దేశాల్లో సుమారు నలుగురిలో ఒకరికి క్యాన్సర్ ఉంటోంది, ముగ్గురికి ఉండడం లేదు. రక్తంలో ఏదో కనిపించడానికీ, జబ్బు ఇదీ అని తేలడానికీ మధ్య ఎంత దూరముందో ఏలూరుకి వేరే చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో వందల మంది మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు, ఎయిమ్స్‌కి పంపిన రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్న కబురుతో ఊరంతా కారణం తెలిసిపోయిందనుకుంది. ఆ తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్ళింది.

కాబట్టి మొదటి పని అదే పరీక్ష మళ్ళీ చేయించడం. ఇది వినడానికి చిన్న మాటే గానీ, ఈ వ్యవహారమంతటిలో ఎక్కువమందిని అనవసరపు సూది నుంచి తప్పించేది ఇదే. ఒక మనిషి పీఎస్ఏ ఏ జబ్బూ లేకుండానే పరీక్షకీ పరీక్షకీ పదిహేను ఇరవై శాతం అటూ ఇటూ ఊగుతుంది. ల్యాబు మారితే కొలిచే పద్ధతి మారి ఇంకాస్త తేడా వస్తుంది. నిరుడు ఒక కంపెనీ ప్యాకేజీలోనూ ఈ ఏడు ఇంకో కంపెనీ ప్యాకేజీలోనూ చేయించి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ‘పెరిగింది’ అనడం రెండు వేర్వేరు కాటాల మీద తూచిన చేపల్ని పోల్చడం లాంటిదే. హద్దు దాటిన అంకె మళ్ళీ చూస్తే పాతిక నుంచి నలభై శాతం మందిలో మామూలుకి వచ్చేస్తుందని అమెరికా యూరాలజీ సంఘమే తన మార్గదర్శకాల్లో చెబుతోంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, అదే ల్యాబులో, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదని చూసుకుని చేయించాలి. ఇక్కడ మన దగ్గర బాగా పాతుకుపోయిన ఒక అలవాటు గురించి చెప్పాలి. మంటా జ్వరమూ ఏమీ లేకపోయినా ‘ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది’ అని వారం పది రోజులు యాంటీబయాటిక్ రాసి, తర్వాత పీఎస్ఏ తగ్గితే హమ్మయ్య అనుకోవడం. మందు వాడకపోయినా చాలామందిలో అది తగ్గేదే. పైగా తగ్గినంత మాత్రాన క్యాన్సర్ లేదని తేలినట్టూ కాదు. ఆ కోర్సు వల్ల ఒంట్లో మిగిలేది మందుకి లొంగని సూక్ష్మక్రిములు. ముక్క తీసే రోజు వస్తే అవే ప్రాణం మీదికి తెస్తాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

దీనికి ఎదురు తప్పు, అంటే పెరిగినా పెరగనట్టు కనిపించడం, మాత్రల వల్ల జరుగుతుంది. ఒంటేలు ధారగా రావడం లేదని, రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోందని డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళకి టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్ర రాయడం మామూలు. డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ ఆరు నెలల నుంచి ఏడాది వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ఆ మాత్ర వేసుకుంటున్న మనిషి రిపోర్టులో 3.5 ఉంటే దాన్ని 7గా చదవాలి. రిపోర్టు ఇచ్చే యంత్రానికి మాత్ర సంగతి తెలియదు కాబట్టి లావు అక్షరాలు పడవు, ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉంటారు. మాత్ర వాడుతుండగా ఒకసారి దిగిన అంకె మళ్ళీ ఎక్కడం మొదలుపెడితే, అది 2 నుంచి 3కే అయినా సరే, దాన్ని గట్టిగా పట్టించుకోవాలి. జుట్టు రాలకుండా కుర్రతనం నుంచి వాడే ఫినాస్టెరైడ్‌కీ ఇదే లెక్క. అందుకే యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టులతో పాటు మాత్రల అట్ట కూడా పట్టుకెళ్ళాలి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. క్యాన్సరేమో అని భయం ఉండగా ఆరు వారాలు ఆగమనడం, మళ్ళీ మళ్ళీ చూద్దామనడం మన ప్రాంతానికి సరిపోయే సలహాయేనా? మనవాళ్ళు వచ్చేదే ఆలస్యంగా కదా? అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2020 అంచనా ప్రకారం భారతదేశంలో ప్రోస్టేట్ క్యాన్సర్ కొత్తగా బయటపడినవాళ్ళు సుమారు 34,500, చనిపోయినవాళ్ళు 16,800 దాకా. అంటే ఇద్దరికి ఒకరు. అదే అమెరికాలో కొత్తగా బయటపడినవాళ్ళు రెండు లక్షల పైచిలుకైతే మరణాలు 32 వేల పైచిలుకు, అంటే ఆరుగురికి ఒకరు. ఈ తేడా చూపించి ‘అందరికీ పరీక్షలు చేయండి, అంకె పెరిగితే వెంటనే ముక్క తీయండి’ అనేవాళ్ళున్నారు. వాళ్ళ ఆందోళన నిజమైనదే, లెక్క మాత్రం జాగ్రత్తగా చదవాలి. అమెరికాలో పీఎస్ఏ వల్ల, జీవితకాలంలో ఏ హానీ చెయ్యని క్యాన్సర్లు కూడా వేల కొద్దీ లెక్కలోకి వస్తున్నాయి. కింద ఉన్న అంకె అలా ఉబ్బితే మరణాల పాలు చిన్నదిగా కనిపిస్తుంది. మన లెక్కలో ఎక్కువగా ఉన్నది ముదిరాక వచ్చినవాళ్ళు. ఆ ముదిరినవాళ్ళు ఎవరు? ఏటా ప్యాకేజీ కట్టించుకుని 5.8 చూసి కంగారుపడే తాడేపల్లిగూడెం రిటైర్డు మాస్టారు కాదు. కొల్లేటి లంకల్లో చేపల చెరువు మీద రాత్రి కాపలా కాసే మనిషి. రాత్రిళ్ళు లేవడం అతనికి జబ్బుగా తోచదు, కాపలా పనిలో ఎలాగూ మెలకువే. నడుం నొప్పి వస్తే పడవ లాగీ వల లాగీ వచ్చిందనుకుంటాడు. నెలల తరబడి ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూదులు వేయించుకుంటాడు. ఎముకలకి పాకాక, ఎక్స్‌రేలో తేడా కనపడ్డాక, అప్పుడు మొదటిసారి పీఎస్ఏ చూస్తే వందల్లో ఉంటుంది.

ఒకే పరీక్ష ఈ ఇద్దరికీ రెండు వేర్వేరు ప్రశ్నలు వేస్తోందన్నది మరిచిపోతేనే గందరగోళం. మాస్టారికి 5.8 అన్నది ‘ముందు ముందు ఏదైనా ఉందా’ అన్న ప్రశ్న. దానికి ఆరు వారాలు ఆగితే పోయేదేమీ లేదు, ఈ జబ్బు నడిచేది ఏళ్ళ లెక్కన. కాపలాదారుకి నడుం నొప్పితో వచ్చిన 180 దాదాపు జవాబే. అతన్ని మళ్ళీ రమ్మనకూడదు. మానని ఎముక నొప్పి, ఉన్నట్టుండి బరువు తగ్గడం, వేలితో చూసినప్పుడు గ్రంథిలో రాయిలాంటి గట్టిదనం, పదుల్లో వందల్లో ఉన్న అంకె, వీటిలో ఏదున్నా మెట్లు వదిలేసి నేరుగా యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాలి. కాళ్ళు పట్టు తప్పుతుంటే, నడుం కింద మొద్దుబారుతుంటే వెన్నుపాము నలుగుతున్నట్టు. అది గంటల వ్యవహారం. ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం చెయ్యాల్సింది వాళ్ళ దగ్గరికి ముందుగా చేరడం. తొందరగా వచ్చినవాళ్ళకి ఎక్కువ సూదులు పొడిస్తే లంకల్లో ఒక్క ప్రాణం కూడా నిలబడదు.

లక్షణాలేవీ లేని మనిషికి ముందుగా కనిపెట్టడం వల్ల ఒరిగేదెంత? దీని మీద ప్రపంచంలో జరిగినంత వాదం వైద్యంలో తక్కువ విషయాల మీద జరిగింది. ఐరోపాలో 1993 నుంచి లక్షా అరవై వేల మంది మీద నడిచిన పరిశోధన ఇరవై మూడేళ్ళ ఫలితం 2025లో వచ్చింది. పరీక్షలకి పిలిచినవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. అంటే 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. ఆ ఒక్కటి తప్పడానికి మామూలుకన్నా పన్నెండు మంది అదనంగా క్యాన్సర్ రోగులుగా తేలారు. బ్రిటన్‌లో ఒక్కసారే పీఎస్ఏ చేసి పదిహేనేళ్ళు చూస్తే మరణాలు 0.78 శాతం నుంచి 0.69కి దిగాయి. అమెరికాలో జరిగిన ఇలాంటి పరిశోధనలో తేడాయే కనపడలేదు, పరీక్ష వద్దన్న గుంపులోనూ చాలామంది బయట చేయించేసుకున్నారు మరి. ఇన్నిటినీ కలిపి చూస్తే మేలు ఉంది, చిన్నది, రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. అందుకే అమెరికా నిపుణుల సంఘం 2012లో వద్దే వద్దని, 2018లో మెత్తబడి, 55–69 మధ్య వాళ్ళు డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలని, డెబ్బై దాటితే వద్దని చెప్పింది. అమెరికాలో ఉన్న కొడుకు ఇక్కడి 76 ఏళ్ళ తండ్రికి పంపే పుట్టినరోజు ప్యాకేజీలో ఈ పరీక్ష ఉండడం, ఆ దేశపు సలహాకే విరుద్ధం. అయితే అంకె ఒకసారి చేతికొచ్చాక ‘అసలు చేయించకుండా ఉండాల్సింది’ అనడం వల్ల లాభం లేదు. వచ్చినదాన్ని జాగ్రత్తగా చదవడమే మిగిలిన పని.

రెండోసారి కూడా ఎక్కువే వచ్చిందనుకుందాం. ఇప్పుడు గ్రంథి సైజు కావాలి. మూత్రం ఇబ్బందికి తీసే మామూలు పొట్ట స్కానింగులోనే అది ఉంటుంది, ‘ప్రోస్టేట్ 60 గ్రాములు’ అని. దీని విలువ చాలామందికి తెలియదు. పీఎస్ఏ 6 ఉండి గ్రంథి 60 ఉంటే భాగిస్తే 0.10 వస్తుంది. పెద్ద గ్రంథి కాబట్టి ఎక్కువ చేస్తోంది, అంతేనని కొంత ధైర్యం. అదే 6, గ్రంథి 30 మాత్రమే అయితే 0.20. చిన్న గ్రంథి అంత ఎందుకు చేస్తోందన్న ప్రశ్న వస్తుంది. 0.15 దగ్గర గీత గీస్తారు. కాగితం మీద ఒక్క భాగహారం, పైసా ఖర్చు లేదు. వేలితో చేసే పరీక్ష కూడా అరనిమిషం పని. మన దగ్గర సిగ్గుతో రోగీ అడగడు, రద్దీలో డాక్టరూ చెయ్యడు. ఇవన్నీ ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో జరిగిపోయేవే. ఏలూరు ప్రభుత్వాసుపత్రి 2023లో వైద్య కళాశాలకి బోధనాసుపత్రి కూడా అయింది.

అనుమానం ఇంకా నిలిస్తే ఎంఆర్ఐ. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో అయిదు వందల మందిని రెండు గుంపులు చేశారు. నేరుగా ముక్కలు తీసిన గుంపులో ప్రమాదకరమైన క్యాన్సర్ 26 శాతం మందిలో దొరికితే, ముందు ఎంఆర్ఐ తీసి మచ్చ ఉన్నచోటే గురిపెట్టిన గుంపులో 38 శాతం మందిలో దొరికింది. పైగా ఈ రెండో గుంపులో 28 శాతం మందికి ముక్క తీసే పనే పడలేదు. తక్కువ సూదులతో ఎక్కువ నిజం తెలిసింది. ముక్క తీశాక ఎంఆర్ఐ తీద్దామంటే గ్రంథిలో కారిన రక్తం వారాల తరబడి బొమ్మని చెడగొడుతుంది, అందుకే వరస ముఖ్యం. ఖర్చు వేలల్లో ఉంటుందనీ, ప్రోస్టేట్ బొమ్మ చదవడంలో చెయ్యి తిరిగిన రేడియాలజిస్టులు తక్కువనీ వచ్చే అభ్యంతరం సరైనదే. సరిగ్గా చదవని ఎంఆర్ఐ తప్పుడు ధైర్యమిస్తుంది, మంచిగా చదివినా కొన్ని తప్పిపోతాయి. అందుకని బొమ్మ బాగున్నా భాగహారం 0.20 దాటిన మనిషిని వదిలెయ్యకూడదు. బొమ్మా బాగుండి భాగహారమూ తక్కువుంటే అక్కడ ఆగి, ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ పీఎస్ఏ చూసుకోవడం హాయిగా ఒప్పుకోదగ్గ నిర్ణయం.

ముక్క తీయాల్సి వస్తే ‘సూది గుచ్చితే కదిలి పాకుతుంది’ అని వెనకాడేవాళ్ళు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. ప్రోస్టేట్ విషయంలో ఆ భయానికి ఆధారం లేదు. భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కి. పాత పద్ధతిలో సూది మలాశయం గోడలోంచి వెళ్ళి, పేగులోని క్రిముల్ని గ్రంథిలోకీ రక్తంలోకీ మోస్తుంది. చీటీ లేకుండా సిప్రోఫ్లాక్సాసిన్ కొనుక్కుని మింగే దేశంలో పేగులో ఉండేవి చాలావరకు ఆ మందుకి లొంగని క్రిములే. వృషణాలకీ మలద్వారానికీ మధ్య చర్మం గుండా సూది పంపే పద్ధతిలో ఆ దారే తప్పిపోతుంది. ఏ దారిలో తీస్తారని ముందే అడగడం రోగి హక్కు. అవసరమైతే ఆ పద్ధతి ఉన్న ఆసుపత్రికి ఇంకో యాభై కిలోమీటర్లు వెళ్ళినా నష్టం లేదు.

ముక్కలో క్యాన్సర్ తేలినా అన్నీ ఒకటి కావు. గ్లీసన్ 6 అని, అంటే తక్కువ ప్రమాదమున్న రకమని, వచ్చినదాన్ని క్యాన్సర్ అని పిలవడమే మానేద్దామని వాదించే నిపుణులున్నారు. బ్రిటన్‌లో 1,643 మందిని గమనించడం, ఆపరేషన్, రేడియేషన్ అని మూడు గుంపులుగా చేసి పదిహేనేళ్ళు చూస్తే, ఈ జబ్బుతో పోయినవాళ్ళు వరసగా 3.1, 2.2, 2.9 శాతం. ప్రాణం విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పాకడం మాత్రం గమనించిన గుంపులో 9.4 శాతం, మిగతా రెంట్లో సుమారు 5. అదే పరిశోధనలో ఆపరేషన్ అయినవాళ్ళలో ఆరుగురిలో ఒకరు ఆరేళ్ళ తర్వాత కూడా మూత్రం చుక్కలు కారి ప్యాడ్లు పెట్టుకోవాల్సి వచ్చింది. దాంపత్య సుఖం తగ్గినవాళ్ళు ఇంకా ఎక్కువ. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టంగా తోచే ప్రశ్న ఇక్కడే ఉంది. గమనించడమంటే ఏటా రక్తపరీక్షలు, మధ్యలో ఎంఆర్ఐ, మళ్ళీ ముక్క. కొల్లేటి గుడివాకలంకలో రోజు కూలి మీద బతికే మనిషి అన్నేళ్ళు తిరగగలడా? తిరగలేనివాడికి ‘గమనిద్దాం’ అన్న మాట వదిలేద్దాం అన్నట్టే అయిపోతుంది. అందుకే ముక్క తీయకముందే ఈ ప్రశ్న అడగాలి. ఫలితం ఏదొచ్చినా ఏం చెయ్యగలం, ఎవరు తీసుకెళ్తారు, పని పోతే ఎలా అని. తిరగగలిగిన వాడికీ తిరగలేని వాడికీ అదే రిపోర్టు మీద వేర్వేరు నిర్ణయాలు రావడంలో తప్పు లేదు. ఈ సంభాషణలో తండ్రి ఉండాలి. ‘నాన్నకి చెప్పొద్దు, కంగారు పడతాడు’ అని కొడుకులూ అల్లుళ్ళూ డాక్టరుతో గుసగుసలాడి తేల్చేసేది ఆయన ఒంటేలు గురించీ, ఆయన పడక గురించీ. డెబ్బై అయిదు దాటి గుండె, కిడ్నీ జబ్బులున్న మనిషికి అంకె కొద్దిగా పెరిగితే, ఇక చూడొద్దని ఆయనే అంటే ఆ మాట నిలబడాలి. తండ్రికో అన్నకో ఈ జబ్బున్న 52 ఏళ్ళ మనిషికైతే అదే పెరుగుదలని వదలకూడదు.

ప్రభుత్వం చెయ్యగలిగింది కూడా ఈ మెట్ల మీదే ఉంది. ఇంటింటికీ వచ్చే ఏఎన్ఎం చూసే క్యాన్సర్లు నోటిది, రొమ్ముది, గర్భాశయ ముఖద్వారానిది. ప్రోస్టేట్ ఆ వరసలో లేదు. మగవాళ్ళందరికీ పీఎస్ఏ చేసేంత మేలు రుజువు కాలేదు కాబట్టి లేకపోవడమే సబబు. అయితే అదే గడపలో యాభై దాటిన మగవాణ్ణి రెండు మాటలు అడగొచ్చు. నడుం నొప్పి నెల దాటి మానడం లేదా? ఒంటేలు బిగిసిపోతోందా? అవునన్నవాళ్ళకి ఆ వారమే వేలి పరీక్ష, పీఎస్ఏ. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయిన పథకం క్యాన్సర్ తేలాక చికిత్సకి ఆదుకుంటోంది. తేల్చుకునే దశలో, ముఖ్యంగా ముక్కకి ముందు ఎంఆర్ఐకి, చాలామంది పెట్టేది చేతి డబ్బే. ఆ ఒక్క బొమ్మ ఖర్చు భరిస్తే, కైకలూరు నుంచో ఆకివీడు నుంచో బస్సెక్కి వచ్చిన మనిషి నేరుగా సూది బల్ల మీదికి వెళ్ళకుండా, ముందు ఎంఆర్ఐ గదికి వెళ్తాడు.